గోదావరిలో జలమార్గం వస్తే చేపకి ఏమవుతుంది? లోతులు కొలిచినవాడిగా నా సమాధానం

మీ ప్రశ్న మిగతావాళ్ళకి కూడా తెలిసేలా ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మీది కొవ్వూరుకి ఎగువన ఏటిగట్టు పక్క ఊరు, నాన్నగారిది చేపల వేట. పోయిన నెల కొందరు చిన్న బోటు వేసుకొచ్చి మూడు రోజులు లోతులు కొలిచి వెళ్ళారు, అడిగితే జలమార్గం సర్వే అన్నారు. రేవు కడితే పని దొరుకుతుందని ఊళ్ళో కొందరు, వేట పోతుందని కొందరు అంటున్నారు. లారీ కన్నా పడవ పర్యావరణానికి మంచిదని మీరెక్కడో చదివారు. మరి నాన్నగారి భయం నిజమేనా, అసలు వాళ్ళని ఏం అడగాలి అన్నది మీ ప్రశ్న.

ఆ బోటులో కూర్చుని లోతులు కొలిచే పని నేను ఇరవై ఆరేళ్ళు చేశాను, మన దగ్గరా చేశాను, ఉత్తరాది నదుల్లోనూ చేశాను. కాబట్టి ఆ సర్వేలో ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో నాకు బాగా తెలుసు. నాన్నగారి భయం నిజమే. అలాగని నది మీద పడవే తిరగకూడదని నేను అనను. గోదావరి మీద పడవలు ఎప్పుడూ తిరిగాయి. తేడా ఎక్కడుందంటే, పాత రోజుల్లో నీళ్ళు ఎంతుంటే అంత పడవ కట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ముందు పడవ సైజు ఖాయం చేసుకుని, దానికి తగ్గట్టు నదిని తవ్వుదామంటున్నారు. గొడవంతా అక్కడే.

ముందు ఆ లారీ లెక్క చూద్దాం, ఎందుకంటే జలమార్గం వాళ్ళు మీటింగు పెడితే మీకు మొదట చెప్పేది అదే. ఒక లీటరు డీజిల్‌తో ఒక టన్ను సరుకుని రోడ్డు మీద 24 కిలోమీటర్లు, రైల్లో 85, నీటి మీద 105 కిలోమీటర్లు లాగొచ్చని ప్రభుత్వ కాగితాల్లో ఎప్పటినుంచో ఉంది. నిజమే. కానీ ఆ మధ్య అంకె ఒకసారి చూడండి. రైలుకీ పడవకీ ఉన్న తేడా చాలా కొంచెం. రాజమండ్రికి, కొవ్వూరుకి రైలు ఎప్పుడో వచ్చేసింది. పోలిక ఎప్పుడూ లారీతోనే ఎందుకు పెడతారో అడగండి. ఇంకోటి, ఆ 105 కిలోమీటర్ల లెక్కలో ఏటా నదిని తవ్వే డ్రెడ్జర్ తాగే డీజిల్ ఉండదు, ఒకవైపే సరుకు దొరికి ఇంకోవైపు ఖాళీగా తిరిగొచ్చే బార్జి, అంటే సరుకు మోసే పెద్ద చదును పడవ, దాని ఖర్చూ ఉండదు. ఎవరి సరుకు, ఎక్కణ్ణించి ఎక్కడికి, తిరుగు ప్రయాణంలో ఏం వేసుకొస్తారు అన్నదానికి కాగితం మీద జవాబు లేకపోతే, ఆ పర్యావరణ లాభం కూడా కాగితం మీదిదే.

ఇప్పుడు మీ ఊరి ముందున్న నది సంగతి. గోదావరిని 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలు, గోదావరిలో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్లు, కృష్ణలో వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా, అన్నీ కలిపి ఒకటే జలమార్గం. తర్వాత 2016లో వచ్చిన చట్టంతో దేశంలో జాతీయ జలమార్గాలు ఒక్కసారిగా 111 అయ్యాయి, మన నాలుగో దాన్నీ అప్పుడు ఇంకా పొడిగించారు. కృష్ణలో ముక్త్యాల, విజయవాడ మధ్య 82 కిలోమీటర్ల మొదటి దశ పని 2017లో మొదలుపెట్టారు. అంటే సర్వే వాళ్ళు రావడంలో వింతేమీ లేదు, సర్వే అయిందని రేపే డ్రెడ్జర్ వచ్చేస్తుందనీ కాదు. కంగారు పడకండి, కానీ ఈ టైము ఊరికే పోనివ్వకండి.

మీ ఊరు ఉన్నది పోలవరానికీ ధవళేశ్వరానికీ మధ్య ముక్కలో. రెండింటి మధ్య దూరం దాదాపు 42 కిలోమీటర్లు. పైనా గేట్లు, కిందా గేట్లు, మధ్యలో ఈ ముక్క. రాజమండ్రి దగ్గర బ్యారేజీ నిలవ వల్ల ఏడాది పొడుగునా నీళ్ళు కనిపిస్తాయి గానీ, పట్టిసం వైపు పైకి వచ్చేకొద్దీ సంగతి వేరు. శివరాత్రికి పట్టిసం వెళ్ళినవాళ్ళకి తెలుసు, గుడిదాకా ఎంత దూరం ఇసుకలో నడవాలో. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి పారిన నది, మే నెలకి వచ్చేసరికి కొన్ని వేల క్యూసెక్కులకి పడిపోతుంది. రబీకి సీలేరు నీళ్ళు వదిలితే తప్ప డెల్టా గడవని సంవత్సరాలు ఎన్నో. అలాంటి నదిలో పన్నెండు నెలలూ ఒకే లోతు, ఒకే వెడల్పు ఉండాలంటే ఏం చేయాలి? తవ్వాలి. వరద వస్తుంది, మేట వేస్తుంది, ఛానల్ పక్కకి జరుగుతుంది. మళ్ళీ తవ్వాలి. ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదని మీ ఊళ్ళో అందరికీ అర్థమయ్యేలా చెప్పండి.

చరిత్ర కూడా ఒకసారి చూడాలి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేసినప్పుడు ఆయన మనసులో సాగునీరు ఎంత ఉందో పడవలూ అంతే ఉన్నాయి. డెల్టా కాలువల మీద లాకులు కట్టింది అందుకే, వాటి మీద ధాన్యం పడవలు మా చిన్నప్పుడు కూడా తిరిగేవి. అదే ధీమాతో ఎగువ గోదావరిని కూడా పడవలకి తెరుద్దామని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టారు. రాతి అడ్డంకుల్ని, వేసవిలో నీళ్ళు లేకపోవడాన్ని దాటలేక, డబ్బు పోసి పోసి చివరికి ఆ పథకం వదిలేశారు. కాలువలో పడవ నడిచింది, ఎందుకంటే కాలువ మనం కట్టుకున్నది. ఎగువ నదిలో నడవలేదు.

సరే, చేప సంగతికి వస్తాను, మీ అసలు ప్రశ్న అదే కదా.

సర్వే బోటుకి కింద ఒక పరికరం ఉంటుంది, ఎకో సౌండర్ అంటారు. అది శబ్దం పంపి అడుగు ఎంత లోతులో ఉందో చెప్తుంది. మేం గీసే పటం మీద నది అంటే లోతుల అంకెలు, అంతే. నాన్నగారు అదే నదిని చూస్తే మడుగులు కనిపిస్తాయి, పాయలు, గడ్డి మొలిచిన అంచులు, చెట్టు పడి ఆగిన చోటు, రాళ్ళ గుంపు కనిపిస్తాయి. మడుగు అంటే వేసవిలో పెద్ద చేప బతికే చోటు. తల్లి చేపలు అక్కడ ఎండాకాలం గడిపి, ఎర్రనీరు రాగానే బయటికి వస్తాయి. బొచ్చె, శీలావతి, మోసు లాంటివి వరదకి మునిగిన లోతు తక్కువ అంచుల్లో, పక్క పాయల్లో గుడ్లు పెడతాయి. పిల్లలు కొన్ని వారాలు ఆ నిదానమైన నీళ్ళలోనే పెరుగుతాయి. అంటే చేపకి లోతూ కావాలి, లోతులేని చోటూ కావాలి, ఒకదాన్నించి ఇంకోదానికి దారీ కావాలి. బార్జికి మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒకే లోతు చాలు. ఈ రెండు అవసరాలూ ఒకే నదిలో ఢీకొంటాయి.

డ్రెడ్జర్ వస్తే ముందు పోయేది ఆ తేడాలే. ఛానల్‌కి అడ్డొచ్చిన ఇసుక మెట్టని తవ్వి పక్కన పోస్తారు. పక్కన అంటే చాలాసార్లు పాయ మూతి దగ్గర. ఒక్క సీజన్లో పాయ మూసుకుపోతుంది, నీళ్ళన్నీ నడి ఛానల్‌లోకి వస్తాయి, ఇంజనీరుకి అది సంతోషం కూడా, ఎందుకంటే నీళ్ళు ఒకచోటికి చేరితే లోతు పెరుగుతుంది. అందుకే కొన్నిచోట్ల గట్టు నుంచి నదిలోకి పొడుచుకొచ్చేలా రాతి అడ్డుకట్టలు (గ్రోయిన్లు) కట్టి కావాలనే నీళ్ళని నడిమికి తోస్తారు. ఓడలకి బాగుంటుంది. పాయలో పుట్టాల్సిన చేపపిల్ల మాత్రం ఉండదు. తవ్విన మన్ను నీళ్ళలో కలిసి కిందికి పోతూ గుడ్ల మీద, రాళ్ళకి పట్టిన నాచు మీద, అడుగున ఉండే పురుగుల మీద పేరుకుంటుంది. ఇసుక మెట్టల మీద వేసవిలో గుడ్లు పెట్టే పిట్టలున్నాయి, తాబేళ్ళున్నాయి. ఆ మెట్ట వాళ్ళ పటంలో అడ్డంకి కింద లెక్క.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. పేర్లు వద్దు. ఉత్తరాదిలో ఒక నది మీద పని చేస్తున్నప్పుడు తవ్విన ఇసుక ఎక్కడ పోయాలని అడిగితే, నేనే పటం చూసి ఒక మడుగు చూపించాను. తొమ్మిది మీటర్ల లోతు, ఛానల్‌కి పక్కన, ఎంత పోసినా పడుతుంది, మళ్ళీ కొట్టుకొచ్చే భయం లేదు. లెక్క ప్రకారం అంతకన్నా మంచి చోటు లేదు. రెండేళ్ళ తర్వాత ఇంకో పని మీద అదే ఊరికి వెళ్తే, అక్కడి ముసలాయన ఒకాయన నన్ను గుర్తుపట్టి రేవుకి తీసుకెళ్ళి, మా తాత కాలం నుంచి ఎండాకాలంలో మమ్మల్ని బతికించిన మడుగు అదేనయ్యా అని చూపించాడు. అరవలేదు, తిట్టలేదు. ఆ మడుగుకి వాళ్ళ భాషలో ఒక పేరుంది. నా పటంలో ఆ పేరు లేదు, 9.2 అన్న అంకె ఉంది. నేను అబద్ధం రాయలేదు, అంకె తప్పు కాదు. అయినా ఆ మడుగు నా సంతకంతో పూడింది. అప్పటినుంచి ఏ సర్వేకి వెళ్ళినా ముందు రెండు రోజులు వేటగాళ్ళతో నావలో తిరిగాకే పరికరం నీళ్ళలో దించాను. మీరు ఇదంతా పట్టించుకుని అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసినంతా చెప్పాలనిపిస్తోంది.

తవ్వకం అయ్యాక ఓడలు తిరగడం మొదలవుతుంది, దాని దెబ్బ వేరు. బరువైన బార్జి లోతు తక్కువ నదిలో వేగంగా వెళ్తే, ముందు అంచున నీళ్ళు వెనక్కి లాగేసినట్టు తగ్గుతాయి, పొడినేల బయటపడుతుంది, ఒక్క క్షణంలో అల తిరిగొచ్చి కొడుతుంది. పెద్ద చేపకి అది లెక్క కాదు. వేలెడంత పిల్లకి ఈదే బలం ఎక్కడిది, అంచునే ఉండిపోతుంది లేదా నడినీళ్ళలోకి కొట్టుకుపోతుంది. యూరప్‌లో రైన్, డాన్యూబ్ నదుల మీద దీన్ని బాగా గమనించారు. అదే అల ఏటిగట్టుని కూడా రోజూ కొరుకుతుంది. వలలు తెగడం, రాత్రిపూట బార్జికి చిన్న నావ కనపడకపోవడం, వీటి గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు, నాన్నగారే చెప్తారు.

చప్పుడు సంగతి మన గోదావరి చేపల విషయంలో ఎంతవరకో నేను గట్టిగా చెప్పను గానీ, గంగలో మాత్రం స్పష్టంగా చూశారు. అక్కడి డాల్ఫిన్‌కి చూపు లేనట్టే, శబ్దం చేసి దాని ప్రతిధ్వనితోనే దారి, తిండి వెతుక్కుంటుంది. పడవల చప్పుడు పెరిగితే అది కూత తీరు మార్చుకోవాల్సి వస్తోందని, నీళ్ళు తగ్గిన వేసవిలో ఆ ఒత్తిడి మరీ ఎక్కువని 2019లో వచ్చిన పరిశోధనలో తేలింది. హల్దియా నుంచి అలహాబాద్ దాకా 1620 కిలోమీటర్ల మొదటి జాతీయ జలమార్గం వెళ్ళేది దాని ఇంట్లోంచే. బీహార్లో సుల్తాన్‌గంజ్, కహల్‌గావ్ మధ్య డాల్ఫిన్ల కోసమే 1991లో ప్రకటించిన అభయారణ్యం కూడా ఆ దారిలోనే ఉంది. దాన్ని మన జాతీయ జలచరం అన్నాం. చైనాలో యాంగ్జీ నదిలో అలాంటిదే ఇంకో డాల్ఫిన్ ఉండేది, బైజీ అనేవారు. 2006 చివర్లో ఆరు వారాలు నది పొడుగునా వెతికితే ఒక్కటీ కనపడలేదు. వలలు, గాలాలు, ఓడలు, ఆనకట్టలు, కాలుష్యం, అన్నీ కలిసి చంపాయి. ఏ ఒక్కరి మీదా నేరం పడలేదు. అందుకే నాకు యాంగ్జీ పేరు వింటే భయం.

ఆ నదిలోనే పెద్ద తెడ్డుమూతి చేప ఒకటి ఉండేది. 1981లో గెజౌబా ఆనకట్ట అడ్డంగా కట్టడంతో గుడ్లు పెట్టే చోటికి దాని దారి తెగిపోయింది. వెంటనే పోలేదు, పెద్దవి ఇంకా ఇరవై ఏళ్ళు అక్కడక్కడా కనిపిస్తూనే ఉన్నాయి, అందరూ ఉందిలే అనుకున్నారు. 2003 తర్వాత కనపడలేదు. 2022లో అంతరించిందని ప్రకటించారు. ఇప్పుడు మన పులసని తలుచుకోండి. సముద్రంలో ఉన్నప్పుడు అది ఇలస, ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలంటాం, యానాంలో ఒక్క చేప పదిహేను వేలూ ఇరవై వేలూ పలికిందని పేపర్లో ఫోటో చూసి మురిసిపోతాం. ధర పెరగడం సంతోషించే విషయం కాదు, దొరకడం లేదని చెప్పే గుర్తు. దాని దారి ధవళేశ్వరం దగ్గరే ఆగింది. పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎక్కడానికి మెట్లు పెట్టారు, మంచి పనే. కానీ కింద బ్యారేజీ గేట్లన్నీ ఎత్తిన వరద రోజుల్లో తప్ప చేప అక్కడిదాకా రావడమే కష్టం. పై గుమ్మం తెరిచి వీధి గుమ్మం మూసినట్టుంది. గంగలో 1975లో ఫరక్కా కట్టాక ఇదే జరిగింది, అంతకు ముందు అలహాబాద్ దాటి పోయిన ఇలస, ఎగువ ఊళ్ళలో పెద్దవాళ్ళ మాటల్లోనే మిగిలింది.

కింద డెల్టా సంగతి కూడా మీ ఊరితో ముడిపడే ఉంది. గోదావరి సముద్రానికి మోసుకెళ్ళే ఒండ్రు, 1970ల నాటితో పోలిస్తే 1990లకే సగానికి పైగా తగ్గిపోయింది, ఎగువ ఆనకట్టల్లో ఆగిపోయి. ఇసుక, మట్టి అందకపోతే తీరం కోసుకుపోతుంది, మడ అడవి నిలవదు. కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. నీటికుక్కలు, చేపలు పట్టే పిల్లి, ఎదురుగా హోప్ ఐలాండ్ మీద గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్ళు, ఇవన్నీ ఆ ఒండ్రు మీదే బతుకుతున్నాయి. కాకినాడ కాలువ, రేవు అన్నప్పుడల్లా నాకు 2014 డిసెంబరులో బంగ్లాదేశ్ సుందర్బన్స్‌లో జరిగింది గుర్తొస్తుంది. షేలా నదిలో ఒక ట్యాంకరు మునిగి దాదాపు మూడున్నర లక్షల లీటర్ల ఫర్నేస్ ఆయిల్ మడ అడవిలోకి పోయింది. ఊరివాళ్ళు చేతులతో, గిన్నెలతో ఆ నూనె ఎత్తారు. మడ వేరుకి పట్టిన నూనెని కడిగే మెషిన్ లేదు.

ఇంతా చెప్పి ఏం చేయలేమంటే అర్థం లేదు. చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. ఆస్ట్రియాలో 1984 డిసెంబరులో హైన్‌బుర్గ్ దగ్గర డాన్యూబ్ మీద జలవిద్యుత్ ఆనకట్ట కట్టబోతే, గడ్డకట్టే చలిలో వేలమంది ఆ వరద అడవిలో గుడారాలు వేసుకుని కూర్చున్నారు. ప్రభుత్వం ఆగింది. 1996లో అదే చోటు జాతీయ పార్కు అయింది. అక్కడితో అయిపోలేదు, నాకు నచ్చింది తర్వాత జరిగింది. ఆ నదిలో ఓడలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. కానీ అడుగు ఏటా రెండు మూడు సెంటీమీటర్లు కోసుకుపోతోందని తెలిశాక, కింద తవ్విన గులకని ఎగువకి తీసుకెళ్ళి మళ్ళీ నదిలోనే పోస్తున్నారు. గట్టుకి పేర్చిన రాళ్ళు కొన్నిచోట్ల తీసేశారు, మూసిన పాయల మూతులు తెరిచారు. జర్మనీలో బవేరియా రాష్ట్రంలో స్ట్రౌబింగ్, విల్స్‌హోఫెన్ మధ్య దాదాపు 70 కిలోమీటర్లు డాన్యూబ్ స్వేచ్ఛగా పారుతుంది. అక్కడ కూడా ఏళ్ళ తరబడి వాదులాట జరిగి, 2013లో ఆనకట్ట లేకుండానే సరిపెట్టుకుందామని నిర్ణయించారు. డాన్యూబ్ మొత్తం మీద కూడా ఓడల సంఘాలు, పర్యావరణం వాళ్ళు, ప్రభుత్వాలు ఒక బల్ల దగ్గర కూర్చుని పని మొదలవక ముందే ఇద్దరి అవసరాలూ ప్లానులో ఉండాలని ఒప్పుకున్నారు. మొదలవక ముందే అన్నదే ముఖ్యం. డిజైన్ అయ్యాక చేప గురించి అడిగితే, చేపపిల్లలు కొని వదులుతాం అంటారు. పాయ పోయిన నదిలో ఎన్ని లక్షల పిల్లలు వదిలినా అవి పెరిగే చోటేదీ?

మీరు అడగాల్సినవి చెప్తాను. ఏ లోతు కావాలంటున్నారు, ఎన్ని నెలలు కావాలంటున్నారు అన్నది మొదటిది, అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఏడాదంతా కాకుండా ఆగస్టు నుంచి జనవరి దాకా, నీళ్ళున్నప్పుడు మాత్రమే, లోతు తక్కువ చాలే చదునైన పడవలతో అంటే తవ్వకం చాలావరకు అక్కర్లేకుండా పోతుంది. నా అభిప్రాయంలో గోదావరికి సరిపోయేది అదొక్కటే. అందులో కూడా ఎర్రనీరు వచ్చి చేప గుడ్లు పెట్టే మొదటి వారాలు ఓడలు ఆపాలి. తవ్విన ఇసుక ఎంత, ఎక్కడ పోస్తారు, పాయల మూతులు, మడుగులు పటంలో గుర్తించారా అని అడగండి. ఆ ఇసుక అమ్ముతారా అని తప్పకుండా అడగండి. జలమార్గం పేరుతో పూడిక తీస్తున్నామని ఇసుక వ్యాపారం నడవకూడదు, నదిలోంచి బయటికి పోయిన ఇసుక మళ్ళీ రాదు. మెట్టల దగ్గర వేగం ఎంతకి కట్టడి చేస్తారు, రాత్రి నడుపుతారా, వల తెగితే ఎవరు కడతారు, ఇవి కూడా.

చట్టం గురించి ఒక్క మాట, ఇక్కడే చాలామంది మోసపోతారు. 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ జాబితాలో లోతట్టు జలమార్గం అన్న పేరే విడిగా లేదు. ఓడరేవులు, డ్రెడ్జింగ్ ఉన్నాయి. అందులోనూ నిర్వహణ డ్రెడ్జింగ్‌కి, అంటే ఉన్న లోతు నిలబెట్టడానికి పూడిక తీయడానికి, మినహాయింపు ఉంది. కాబట్టి చేసే పనికి ఏ పేరు పెట్టారన్నది పెద్ద విషయం. కొత్తగా తవ్వేదాన్ని కూడా నిర్వహణ అని రాస్తే ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే అయిపోవచ్చు. సమాచార హక్కు కింద సర్వే నివేదిక, తవ్వకం అంచనా, పర్యావరణ అనుమతి కావాలని అడిగారా లేదా, అడిగితే ఏ కేటగిరీలో, ఇవి మూడూ ఒకే దరఖాస్తులో అడగండి. మీ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం. చాలా ఊళ్ళలో పేరుకే ఉంది, సభ్యులకే తెలియదు. ఎవరెవరున్నారో కనుక్కుని, మడుగులు, పాయలు, గుడ్లు పెట్టే మెట్టలు ఆ కమిటీ రిజిస్టరులో ఎక్కించండి. రేపు ఎవరైనా అక్కడేముంది ఇసుకే కదా అంటే చూపించడానికి ఒక ప్రభుత్వ కాగితం ఉంటుంది. ఎగువన ఏజెన్సీ ఊళ్ళలో మీకు చుట్టాలుంటే, ఏజెన్సీ గ్రామసభలకి ప్రత్యేక అధికారాలిచ్చే పీసా చట్టం కింద వాళ్ళ గ్రామసభలకి మీకన్నా ఎక్కువ బలం ఉందని చెప్పండి. వాళ్ళనీ కలుపుకోండి, నది ఒకటే.

ఊళ్ళో రేవు కావాలంటున్నవాళ్ళతో మాత్రం గొడవ పెట్టుకోకండి. వాళ్ళకి పని కావాలి, అది న్యాయమే. ఎన్ని ఉద్యోగాలు, ఎవరికి, ఎన్నేళ్ళు అని వాళ్ళ చేతే అడిగించండి. బార్జి మీద క్రేను సరుకు దించే రేవులో జనం పని చాలా తక్కువ, నేను చూసిన టెర్మినళ్ళలో ఎక్కువమంది ఖాళీగా గేటు బయట నిలబడ్డవాళ్ళే. రెండువైపులవాళ్ళూ ఒకే ప్రశ్నల కాగితం మీద సంతకాలు పెడితే ఆఫీసులో దానికి విలువ వేరే ఉంటుంది.

చివరిగా అన్నిటికన్నా ముందు, ఈ వారమే మొదలుపెట్టాల్సిన పని. నాన్నగారు, ఇంకో నలుగురైదుగురు వేటగాళ్ళు రోజూ ఒక నోటుబుక్కు రాయాలి. తేదీ, ఎక్కడ వల వేశారు, ఎంతసేపు, ఏ చేప, ఎన్ని, ఎన్ని కిలోలు, కడుపులో గుడ్డు ఉందా. నాన్నగారికి రాయడం ఇబ్బందైతే ఇంటికి రాగానే మీరు రాయండి. ఏమీ పడని రోజు కూడా రాయండి, సున్నా కూడా లెక్కే. ఏడాది నిండితే, మీ ఊరి ముందు నదిలో ఏముందో చెప్పే కాగితం అంతకు మించింది ఎవరి దగ్గరా ఉండదు. ఎందుకంటే కన్సల్టెంట్లు వచ్చి నాలుగు రోజులు వలేసి జాబితా రాసుకుపోతారు. ముందు ఏముందో రాసి లేకపోతే, తర్వాత పోయిందని ఎవరూ ఒప్పుకోరు, ఇది నేను చాలా నదుల దగ్గర చూశాను.

నోటుబుక్కుతో పాటు ఒక ఆదివారం పెద్దవాళ్ళని నావలో కూర్చోబెట్టుకుని పట్టిసం నుంచి మీ రేవు దాకా తిరిగి, మడుగులు, పాయలు, మెట్టలు ఏ పేరుతో పిలుస్తారో రాసుకోండి, ఫోనులో ఆ చోటు పిన్ను గుర్తు పెట్టుకోండి. అవన్నీ ఇక్కడే పెట్టండి. నేను వాటిని లోతుల పటం మీద, ఒక్కోదాని పక్కన దాని పేరు రాసి, పంచాయతీలో ఇచ్చుకునేలా గీసిస్తాను. వరద రాకముందే అయితే మంచిది, ఎర్రనీరు వచ్చాక మెట్టలు కనపడవు.